పై అరలో పదకొండు పుస్తకాలు

బడి లైబ్రరీ గది,
జూన్ 8

అన్నయ్యకు,

నేను క్షేమం. ఇక్కడ చేరి ఐదు వారాలయింది. గది చిన్నది, కిటికీ పెద్దది. వేసవి సెలవులైనా పిల్లలు వస్తారు, పుస్తకం తీసుకుని నా ముఖం చూడకుండానే వెళ్ళిపోతారు. అదే హాయిగా ఉంది, పరామర్శించేవాళ్ళు లేరు.

ఫోనుండగా ఉత్తరమేమిటంటావు. ఫోన్లో నువ్వు రెండో మాటకే నవ్విస్తావు. ఆయన పోయిన ఈ ఎనిమిది నెలల్లో నీతో మాట్లాడిన ప్రతిసారీ నవ్వాను. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే అసహ్యం వేసింది. కాగితం మీదైతే నీ నోటికి కాస్త పగ్గం పడుతుందని ఆశ.

రెండు పనులున్నాయి. మన కంపెనీ కొన్నవాళ్ళు వెబ్‌సైట్లో పెట్టుకోవడానికి ఒక పేజీ చరిత్ర రాసిమ్మన్నారు. పాఠ్యపుస్తకాలు ఆన్‌లైన్లో అద్దెకివ్వాలని ఎవరికి తోచింది, ఎలా మొదలైంది, ఎలా పెరిగింది. నేను పదిహేడేళ్ళూ కంప్యూటర్ ముందు, ఫోన్ల దగ్గరే ఉండిపోయాను. పుస్తకాల మధ్య ఏం జరిగిందో నీకే తెలుసు. గుర్తున్నది రాసి పంపు.

రెండోదే అసలుది. మనం మొట్టమొదట పోగుచేసిన నలభై ఒక్క పుస్తకాల్లో పదకొండు ఆయనవి, కాలేజీలో చదువుకున్నవి. చదువుతూ మార్జిన్లలో పెన్సిల్‌తో ఏదో ఒకటి రాసుకునేవారు. పెళ్ళికి ముందు ఆయన రసాయనశాస్త్రం పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. పాఠాలు చదవలేదు, పక్కన రాసుకున్నవే చదివాను. ఈ మనిషినే చేసుకోవాలని అనిపించింది అప్పుడే. ఏం రాశారో మాత్రం ఇప్పుడు ఒక్క ముక్క గుర్తు లేదు. ఆయన ఉత్తరాలు రాసే మనిషి కాదు. నాకు రాసిన చీటీల్లో "తాళం పక్కింట్లో" అన్నదే పెద్దది. ఆయన మనసులో మాట అంటూ ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ పదకొండు పుస్తకాల్లోనే. కంపెనీ పెట్టాక ఒకటి రెండుసార్లు చూపించమన్నాను. "ఉన్నాయిలే, పై అరలో కట్టకట్టి పెట్టాను, ఎక్కడికి పోతాయి" అన్నారు.

గోదాము ఖాళీ చేసేలోగా ఆ కట్ట దించి నాకు పంపు.

నీ చెల్లెలు


గోదాము, వెనక గది,
జూన్ 19

చెల్లెమ్మకు అన్నయ్య ఆశీస్సులు.

నోటికి పగ్గం వేశాను. చేతికి కూడా వెయ్యమని నువ్వు రాయలేదు.

తొమ్మిదో తరగతి మూడేళ్ళు చదివి, మూడేళ్ళూ చరిత్రలోనే తప్పినవాణ్ణి పట్టుకుని చరిత్ర రాయమంటున్నావు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది. రాసుకో మరి.

సైకిల్ షాపు మీద గది. బావ పుస్తకాల మూట నెత్తిన పెట్టుకుని వచ్చి నేల మీద పడేశాడు. దుమ్ము లేచింది, దగ్గు లేచింది, ఆ తర్వాత ఆలోచన లేచింది. "బావా, ఇందులో ఒక్కో పుస్తకం నాలుగు నెలలు చదివాను, ఆరేళ్ళుగా మోస్తున్నాను. నాలుగు నెలలుండే చుట్టానికి ఇంట్లో సొంత గది కట్టిస్తామా? వస్తుంది, ఉంటుంది, వెళ్ళిపోతుంది. అంతే కదా ఉండాల్సింది?" అన్నాడు. నేను "చుట్టం వెళ్ళకపోతే?" అన్నాను. "నువ్వున్నావుగా, నీ నోరు చూస్తే ఎవరైనా వెళ్తారు" అన్నాడు. ఇది పేజీలో వెయ్యకు.

మొదటి ఆర్డరు నర్సు చదువు చదివే అమ్మాయిది. అట్టపెట్టెలు చాల్లేదని నేను నా చెప్పుల పెట్టెలో సర్ది పంపించాను. పెట్టె మీద చెప్పుల బొమ్మ. ఆ అమ్మాయి విప్పి కూడా చూడకుండా తిప్పి పంపింది, "నేను చెప్పులు అడగలేదు" అని చీటీ అంటించి. మన కంపెనీకి వచ్చిన మొదటి రిటర్ను అదే. ఫోన్లో ఆమెను బతిమాలింది నువ్వే, మర్చిపోయి ఉండవు.

తర్వాత ఇస్త్రీ అక్క వచ్చింది. పిల్లలు మూలలు మడిచిన పేజీల్ని ఇస్త్రీపెట్టెతో సాపు చెయ్యడం ఆవిడ పని. నా పని రబ్బరు. తిరిగొచ్చిన పుస్తకాల్లో పెన్సిల్ రాతలు చెరపడం. చదువుకున్నవాళ్ళు రాసిందంతా చెరిపే ఉద్యోగం! చదువు మీద పగ తీర్చుకోవడానికి ఇంతకన్నా మంచి దారి ఎవరికి దొరుకుతుంది? ఒకడు లెక్కల పుస్తకంలో "ఇది రాసినవాడు నా కంటబడితే ఉందిలే" అని రాశాడు. చెరపబుద్ధి కాక, కింద "వెనకట్ట మీద ఫోటో ఉంది, చూసి పెట్టుకో" అని రాసి పంపేశాను. తర్వాత అద్దెకు తీసుకున్నవాడు ఆ రెండింటి కింద "నేనూ వస్తా" అని రాశాడు. బావ చూసి నడుం పట్టుకుని నవ్వాడు. నవ్వడం అయ్యాక చెరిపించాడు.

పుస్తకాల సంగతంటావా, వెతుకుతున్నాను. నలభై వేల పుస్తకాలమ్మా, గడ్డివాములో సూది. అద్దెకెళ్ళి తిరిగి రానివీ ఉన్నాయి. దొరక్కపోతే బెంగ పెట్టుకోకు.

అన్నయ్య


బడి లైబ్రరీ గది,
జూలై 2

అన్నయ్యా,

పగ్గం బాగానే వేశావు. చెప్పుల పెట్టె దగ్గర నవ్వొచ్చింది. కోపమూ వచ్చింది.

గడ్డివామూ సూదీ నా దగ్గర కాదు. ఏ పుస్తకం ఏ అరలో, ఎన్నో వరసలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాడివి. కట్ట ఎక్కడుందో నీకు తెలుసు. ఏదో దాస్తున్నావు. ఎలకలు కొట్టాయా? తడిసిపోయాయా? ఎలా ఉన్నా సరే పంపు.

నీకొక మాట చెప్తాను, దీని మీద మాత్రం జోకు వెయ్యకు. మొన్న ఇక్కడెవరో వెనకనుంచి దగ్గితే ఉలిక్కిపడ్డాను, అచ్చు ఆయన దగ్గే. ఆ దగ్గు గుర్తుంది. తలుపు తీసే చప్పుడు గుర్తుంది. నన్ను పిలిచేటప్పుడు గొంతు ఎలా ఉండేదో ఎంత ఆలోచించినా రావడం లేదు. ఏం మాట్లాడేవారో తెలుసు, ఎలా మాట్లాడేవారో జారిపోతోంది. ఫోటోల్లో ఎప్పుడూ గుర్తింపు కార్డుకి నిలబడ్డట్టే ఉంటారు. ఆయన మాట ఒక్కటైనా ఆయన పద్ధతిలో నా కళ్ళముందు ఉంటే, మిగతాది దాని వెంట వస్తుందని ఆశ.

ఒక్క పుస్తకం చాలు. రసాయనశాస్త్రం.

చెల్లి


గోదాము,
జూలై 24

చెల్లెమ్మా,

దొరికింది. పార్శిల్లో పంపిస్తున్నాను, ఈసారి చెప్పుల పెట్టెలో కాదు. నిదానంగా చదువుకో.

నీ చరిత్రకు మిగతాది. మంచి రోజులు తొమ్మిదేళ్ళు. కాలేజీలు తెరిచే నెలలో టేపు చుట్టీ చుట్టీ నా వేలిముద్రలు అరిగిపోయాయి. తర్వాత పుస్తకాలు వేసేవాళ్ళు తెలివి మీరారు. ఏడో పాఠం తీసి మూడోది చేసి, అట్ట రంగు మార్చి, కొత్త పుస్తకమన్నారు. మాస్టర్లు కొత్తదే కావాలన్నారు. మన దగ్గరున్నవన్నీ ఒక్క ఏడాదిలో ముసలివైపోయాయి. ఆ తర్వాత పిల్లలు ఫోన్లలోనే చదవడం మొదలుపెట్టారు. బావ చివరి రెండేళ్ళూ అరల మధ్య ఊరికే నడిచేవాడు. ఎవరూ అడగని పుస్తకాన్ని తీసి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టేవాడు. గుండె అప్పుడే చెడి ఉంటుంది. మనమే కనిపెట్టలేదు.

కొన్నవాళ్ళకు పేరు కావాలి, పిల్లల చిరునామాలు కావాలి. పుస్తకాలు అక్కర్లేదట. వారానికో లారీ కాగితపు మిల్లుకి పోతోంది. నేనూ ఇస్త్రీ అక్కా ఎక్కిస్తున్నాం. మొన్న ఒక పుస్తకం లారీలో వెయ్యబోతూ ఆవిడ మూల మడత సాపు చేసింది. "మిల్లుకే కదే పోయేది" అన్నాను. "అయితే? చింపిరి ముఖంతో పంపుతామా?" అంది.

ఉంటాను.

అన్నయ్య


బడి లైబ్రరీ గది,
ఆగస్టు 11

అన్నయ్యా,

ఎలా చెప్పను. పార్శిల్ వచ్చిన రోజు విప్పలేదు. మర్నాడు తలుపేసుకుని విప్పాను. ఆయన రాతే. తలకట్టు కాస్త పైకి ఎగిరినట్టుండే ఆయన రాత.

రోజుకొకటే చదువుతున్నాను, అయిపోతాయని భయం. ఉత్ప్రేరకం గురించిన పాఠం పక్కన ఏం రాశారో తెలుసా? "తను మారదు, చుట్టూ ఉన్నవాళ్ళని కుతకుతలాడిస్తుంది. మా పెద్దత్త." నవ్వలేక చచ్చాను. ఆయన పోయాక, నవ్వినందుకు నన్ను నేను తిట్టుకోకుండా నవ్వింది ఇదే మొదటిసారి. చివరి పాఠం దగ్గర: "ఈ పుస్తకం అడిగి తీసుకెళ్ళిన అమ్మాయి ఒక్క మూలా మడవకుండా తిరిగిచ్చింది. మంచి మనిషి." అది నా గురించే. ఆ పేజీ తెరిచి దిండు పక్కన పెట్టుకుంటున్నాను.

కానీ చదివినకొద్దీ ఇంకోటి పట్టుకుంది. ఇంత చలాకీ మనిషి మా ఇంట్లో ఎప్పుడున్నారు? పందొమ్మిదేళ్ళ కాపురంలో నాకు తెలిసినాయన నెమ్మది మనిషి, ఆలోచించి మాట్లాడే మనిషి. మనింట్లో హాస్యం నీది, నవ్వడం ఆయనది. లోపల ఇంత అల్లరి పెట్టుకుని నా దగ్గరెందుకు బయటపెట్టలేదు? నా ముఖం చూసే దాచుకున్నారా? నేనే ఆ మనిషిని నొక్కేశానా? రాత్రింబవళ్ళు ఇదే. పక్కనే ఉండి, అసలాయన్ని చూడకుండానే పంపించేశానేమో.

మిగతా పది కూడా పంపు. ఆయన్ని ఇప్పుడైనా తెలుసుకుంటాను. చరిత్ర పేజీ పైన ఆయన మాట ఒకటి, ఆయన పేరుతో వేద్దామనుకుంటున్నాను.

చెల్లి


గోదాము,
ఆగస్టు 20

చెల్లీ,

నీ ముఖంలో ఏ తప్పూ లేదు. తప్పు నా చేతిది.

నువ్వు చదువుతున్నది బావ రాసింది కాదు. నేను రాసింది. ఉత్ప్రేరకం, పెద్దత్త, మంచి మనిషి, అన్నీ. నాన్న సంతకం ఆరేళ్ళపాటు ప్రోగ్రెస్ కార్డుల మీద పెట్టి నాన్నకే అనుమానం రానివ్వనివాణ్ణి. గోడ మీద బావ రాసి అంటించిన రూల్సున్నాయి, పార్శిల్ చీటీలున్నాయి, వాటిని చూసి రెండు వారాలు సాధన చేశాను. రాత దించాను గానీ మనిషిని దించలేకపోయాను. నా కుళ్ళు జోకులే ఆయన నోట్లో పెట్టాను.

ఇస్త్రీ అక్క పట్టేసింది.

"ఏం చేస్తున్నావ్?"

"కనపడట్లా? చెరుపుతున్నా."

"పెన్సిల్ మొనతోనా?"

ఆవిడ పుస్తకం లాక్కుని చూసింది. "పోయినాయన చేత రాయిస్తున్నావా? నీకు నోరే పాడనుకున్నా, చెయ్యీ పాడే."

"అది ఏడుస్తోందే అక్కా. ఒక్క పుస్తకం చాలంటోంది."

"ఏడిస్తే ఏడవనీ. అది దాని మొగుడి కోసం ఏడుస్తోంది. రేపు నీ రాత చూసి ఏడిస్తే ఎవరి కోసం ఏడ్చినట్టు?"

విని ఉండాల్సింది. నా పని నాకు తెలుసులే అన్నాను.

మరి బావ రాసినవేవీ అంటావు. లేవు. అది కూడా నేనే. దుకాణం తెరవడానికి ముందురోజు, నువ్వు వెబ్‌సైట్ పని మీద కంప్యూటర్ సెంటర్‌కి వెళ్ళావు. బావ పొద్దున్నే నలభై ఒక్క పుస్తకాలు నా ముందు పెట్టి, కొత్త రబ్బరు చేతికిచ్చి, "పెన్సిల్ గీత ఉన్న పుస్తకం ఒక్కటీ గుమ్మం దాటకూడదు బావా" అని అట్టపెట్టెల కోసం వెళ్ళాడు. తనవి పదకొండూ వేరుగా తీసి పెట్టాలన్నది మరిచిపోయాడు. వచ్చాక తీద్దామనుకున్నాడేమో. నేనంత తొందరగా పని చేస్తానని ఎవరనుకుంటారు? పుట్టిన దగ్గర్నుంచి చెప్పిన టైము కంటే ముందు నేను ముగించిన పని అదొక్కటే.

సాయంత్రం వచ్చి చూసుకున్నాడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మా ఆవిడకు చెప్పకు, నిన్ను తిడుతుంది" అన్నాడు. అప్పటికి నాకు పెద్ద సంగతిగా తోచలేదు. నువ్వు అడిగినప్పుడల్లా ఉన్నాయిలే అన్నది నన్ను కాపాడ్డానికే. ఆ కట్టలో ఉన్నవి పదకొండు ఖాళీ మార్జిన్లు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. నేను వాటిని చదవలేదు. చదువుతూ కూర్చుంటే పని సాగదని చూపు అక్షరాల మీద ఆననివ్వలేదు. ఆ రాతను ఆఖరిసారి చూసింది నేనే. ఒక్క వాక్యం కూడా నా దగ్గర లేదు.

తిట్టు. రాసి తిట్టు, ఫోన్ చేసి తిట్టు.

అన్నయ్య


గోదాము,
సెప్టెంబరు 15

చెల్లీ,

ఉత్తరం అందిందా? మూడున్నర వారాలయింది. లారీలు అయిపోవచ్చాయి. పది పుస్తకాలూ నా మంచం కింద ఉన్నాయి, మిల్లుకి వెయ్యలేదు. ఇస్త్రీ అక్క రోజూ "రాసిందా?" అని అడుగుతోంది. లేదంటే ఇస్త్రీపెట్టె చల్లారినా అలా రుద్దుతూనే కూర్చుంటోంది.

నేను అక్కడికి రానా?

అన్నయ్య


బడి లైబ్రరీ గది,
సెప్టెంబరు 29

అన్నయ్యా,

రావద్దు. నిన్ను చూస్తే ఏమంటానో నాకే తెలీదు.

మొదటిసారి ఆయన్ని రబ్బరుతో చెరిపావు. అది తెలియక చేశావు, దానికి నిన్నేమీ అనను. రెండోసారి పెన్సిల్‌తో చెరిపావు. నాలుగు వారాలు నేను తెలుసుకుంటున్న మనిషి లేడు. ఉన్న మనిషి మీద ఆ లేనివాడు ఎక్కి కూర్చున్నాడు. ఇప్పుడు ఆయన్ని తలుచుకుంటే పెద్దత్త జోకు వేస్తున్నారు. ఆయన ఎప్పుడూ వెయ్యలేదు, అయినా వేస్తున్నారు. "మంచి మనిషి" అన్న పేజీ ఇంకా మూయలేకపోతున్నాను. అబద్ధమని తెలిసి కూడా. అది ఎంత సిగ్గో నీకు తెలీదు.

కంపెనీ చరిత్ర రాసి పంపేశాను. నాలుగు వాక్యాలు. ఎవరి మాటా వెయ్యలేదు.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. అందులో ఒకచోట ఆగిపోతున్నాను. "సాయంత్రం వచ్చి చూసుకున్నాడు, కాసేపు ఏమీ అనలేదు" అన్నావు. ఆ కాసేపు నాకు కావాలి. ఎంతసేపు? ఎక్కడ నిలబడ్డారు? ఏ చేత్తో పట్టుకున్నారు? ముఖం ఎలా ఉంది? నేను లేను, నువ్వున్నావు. నేను చూడని ఆయన ఇంకొక్క కాసేపు నీ దగ్గర ఉన్నారు. అది రాయి. నీ చేతిరాతతో రాయి. నవ్వించడానికి ఒక్క మాట కూడా కలపకు. గుర్తులేనిది గుర్తులేదని రాయి.

చెల్లి


గది, సామాను కట్టేశాక,
అక్టోబరు 6

చెల్లీ,

అడిగినవి అడిగినట్టు రాస్తున్నాను.

ఐదు దాటింది. మెట్ల మీద చప్పుడైంది. బావ అట్టపెట్టెల కట్ట భుజాన వేసుకుని వచ్చి గుమ్మం లోపల దించాడు. నేను బల్ల దగ్గరే ఉన్నాను. "అయిపోయింది, చూసుకో" అన్నాను. రసాయనశాస్త్రం అన్నిటికన్నా పైన ఉంది. కుడిచేత్తో తీశాడు. నిలబడే నాలుగైదు పేజీలు తిప్పాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి ఒక పేజీని వెలుతురుకు ఎత్తి చూశాడు. ఇంకో పేజీ ఎత్తి చూశాడు. ఎంతసేపంటే, కింద సైకిల్ షాపువాడు ఒక చక్రానికి గాలి కొట్టడం మొదలుపెట్టి, ముగించి, రెండోదానికి మొదలుపెట్టాడు. అంతసేపు. ముఖం నాకు సగమే కనబడింది. కోపం లేదు. ఎక్కాల్సిన బస్సు కళ్ళముందే వెళ్ళిపోతే మనిషి ఎలా నిలబడతాడో అలా నిలబడ్డాడు.

"నావి కూడానా?" అన్నాడు.

"నీవైతే ఏం, రూలు రూలే" అన్నాను.

"బాగా చెరిపావు బావా. ఒక్క గీత కూడా లేదు" అన్నాడు. వెటకారంగా అనలేదు. నీకు చెప్పొద్దన్నది ఆ తర్వాతే. ఇంకా ఏదో అన్నాడు, అది గుర్తులేదు.

తర్వాత వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. బల్ల నిండా రబ్బరు పొట్టు, నల్లగా, పొద్దుట్నుంచి రుద్దిందంతా. ముప్ఫై పుస్తకాలది ఎవరెవరిదో, పదకొండింటిది ఆయనది. వేరు చెయ్యడానికి లేదు. అరచేత్తో అంతా ఒకచోటికి కుప్ప చేశాడు. బల్ల అంచు కింద రెండో చెయ్యి పెట్టి అందులోకి దులుపుకున్నాడు. లేచి చెత్తబుట్ట దాకా వెళ్ళాడు. అక్కడ ఆగాడు. వెనక్కొచ్చి దాన్ని చొక్కా జేబులో పోసుకున్నాడు.

నేను పడీ పడీ నవ్వాను. ఏం అని వెక్కిరించానో గుర్తుంది గానీ, కలపొద్దన్నావు కాబట్టి రాయను. ఆయనా కొంచెం నవ్వాడు. జేబు మీద చెయ్యి మాత్రం తియ్యలేదు. మెట్లు దిగేటప్పుడూ అలా పట్టుకునే దిగాడు.

నీలం గళ్ళ చొక్కా. అక్కడిదాకానే నేను చూసింది. ఆ చొక్కా ఇంటికొచ్చి ఉంటుంది, ఉతికింది నువ్వే అయి ఉంటావు.

అన్నయ్య